రెండో గిలక

మా అక్కను చూసి నేను ఏడ్చినట్టు ఏ చెల్లెలూ ఏ అక్కను చూసీ ఏడ్చి ఉండదు. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. కొందరికి పుట్టుకతో పుట్టుమచ్చ వస్తుంది, నాకు ఇది వచ్చింది. అక్క జడ నా జడ కంటే పొడుగు. అక్క ముగ్గు వేస్తే వీధిలో వాళ్లు ఆగి చూసేవాళ్లు, నేను వేస్తే తొక్కుకుంటూ పోయేవాళ్లు. ఇద్దరికీ ఒకేసారి జ్వరం వచ్చినా మా నాయన ముందు అక్క నుదురే పట్టుకుని చూసేవాడు.

మా ఇళ్లల్లో ఒక పద్ధతి ఉంది. ఏది పంచాల్సి వచ్చినా పెద్దవాళ్లు పంచాలి, చిన్నవాళ్లు ముందు ఎత్తుకోవాలి. బెల్లం గడ్డైనా అంతే, పొలమైనా అంతే. పంచినవాడికి మిగిలిందే గతి కాబట్టి మోసం చెయ్యడని పాతకాలం వాళ్ల ఆలోచన. వినడానికి ఎంతో న్యాయంగా ఉంటుంది. ఆ న్యాయం నన్ను చిన్నప్పటి నుంచీ ఎంత ఏడిపించిందో ఆ పద్ధతి పెట్టినవాళ్లకు తెలియదు.

మా నాయన ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో గుడ్డ కొలిచి చించే పని చేసేవాడు. పండగ వస్తే రెండు రవిక గుడ్డలు తెచ్చి అక్క చేతికిచ్చేవాడు. అక్క ఒక్కో మోకాలి మీద ఒక్కోటి పరిచి, ఎత్తుకో మే అనేది. నేను రెండింటినీ తడిమి, వెలుతురులోకి తీసుకుపోయి, తిరగేసి మరగేసి చూసి మంచిదాన్ని ఎత్తుకునేదాన్ని. తీరా కుట్టించుకుని తొడుక్కుంటే అక్క ఒంటి మీద ఉన్నదే బాగుండేది. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. మాది పొరుగిల్లు కూడా కాదు, ఒకే ఇల్లు. అయినా అక్క విస్తట్లోది ఎప్పుడూ రుచిగానే ఉండేది.

పెళ్లిళ్లూ అట్లాగే అయ్యాయి. అక్కను జమ్మలమడుగులో లెక్కల అయ్యవారికి ఇచ్చారు. ఆయన గొంతు పెంచి మాట్లాడి ఎరగడు. బస్టాండులో అక్క చేతిలోని సంచి అడిగి మరీ తీసుకునేవాడు. నన్ను ప్రొద్దుటూరులోనే పత్తి మిల్లులో తూకం వేసే గుమాస్తాకు ఇచ్చారు. మా ఆయన చెడ్డవాడు కాదు. సాయంత్రం జుట్టు నిండా పత్తి వేసుకుని తుమ్ముకుంటూ వచ్చి, పెట్టింది తిని పడుకునేవాడు. అయితే మా బావను చూశాక ఎవరి మొగుడైనా ఒక పిసరు తక్కువగానే కనపడతాడు, నేనేం చెయ్యను.

మేముండేది అంగళ్ల వెనక సందులో ఒక గది, దాని ముందర చిన్న పంచ. అందులోనే మేమిద్దరం, పిల్లలు, మా అత్త. బావిలో నీళ్లు ఉప్పగా ఉండేవి, పప్పు ఎంత ఉడికించినా పలుకు పోయేది కాదు. ఎండాకాలంలో ఆ గది గోడ మీద చెయ్యి పెడితే చుర్రుమనేది. మా అత్త రోజంతా పంచలో కూర్చుని ఊరందరి కోడళ్ల గురించి మాట్లాడేది, ఒక్క నా గురించి తప్ప. నా గురించి అవతల వీధిలో మాట్లాడేది.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా బావకు కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పులివెందుల దాటి పోతే కొండల నడుమ ఒక చిన్న ఊరు, ఆ ఊళ్లో కొత్తగా పెట్టిన కాలేజీ. ఊరి పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్లు కాదు, కాలేజీ ఊరు అనే అనేవాళ్లు. అక్క జమ్మలమడుగులో సామాన్లు కట్టుకుని అక్కడికి పోయింది. మొదటిసారి మమ్మల్ని చూడడానికి వచ్చినప్పుడు మొహం నిగనిగలాడుతోంది. ఎండాకాలంలోనూ తెల్లవారుజామున దుప్పటి కావాలట. పప్పు ఒక్క పొంగుకే మెత్తబడుతుందట. పిల్లోడు పెద్దవాడైతే ఇంట్లో అన్నం తిని నడుచుకుంటూ పోయి కాలేజీలో చదువుకోవచ్చట. ఆమె చెబుతూ ఉంటే నేను నవ్వుతూ విన్నాను. ఆ పూట అన్నం మాత్రం సయించలేదు.

కొన్నాళ్లకు బావ ఒక కబురు తెచ్చాడు. ఆ ఊరి బయట, కొండ కింద, కొంత భూమి శానా చవగ్గా వస్తోంది. చవగ్గా ఎందుకు వస్తోందో కూడా ఆయనే చెప్పాడు. రాళ్లు ఎక్కువ, వాన పడితే బండి పోదు, సీతాఫలాల కాలంలో కొండ మీది నుంచి ఎలుగుబంట్లు దిగుతాయి. దాని ఆసామి వేంపల్లెలో ఉండే ముసలి సాయిబు. కొడుకుల కోసం కొన్నాడు, కొడుకులు బొంబాయికి పోయి అక్కడే నిలబడిపోయారు. ఆయనకు అమ్మాలని ఉంది కానీ, తుంచి అమ్మడట. అంతా ఒక్కరే తీసుకోవాలట. బావ ఒక్కడికి శక్తి చాలదు. ఇద్దరం కలిసి కొని తర్వాత పంచుకుందామా అని మా ఆయన్ను అడిగాడు.

మా ఆయన ఆలోచించి చెబుతానన్నాడు. నేను ఆలోచించలేదు. పిల్లల చదువని ఆయనతో అన్నాను, సొంత భూమి అన్నాను, కోస్తావాళ్లు బత్తాయి అనే చీనీ చెట్లు పెట్టుకుందామన్నాను. అన్నీ నిజాలే. కానీ వాటన్నిటి కిందా ఉన్న నిజం ఒకటే. అక్క కొండగాలి తాగుతుంటే నేను ఇక్కడ పత్తి దుమ్ము తాగుతూ ఎందుకు ఉండాలి? బంగారు అంగళ్ల వీధిలో నా గాజులు అమ్మేశాను. మా ఆయన మిల్లు మానేశాడు. రాళ్లు తినేదానికి నేను రానని చెప్పి మా అత్త చిన్నకొడుకు ఇంటికి పోయింది. ఈ భూమి వల్ల నాకు జరిగిన మొదటి లాభం అది.

పంపకం రోజు అందరం పొలానికి పోయాం. బావ అంతకుముందే గొలుసు పట్టి కొలిచి, నడుమ సున్నం పూసిన రాళ్లు పాతించి ఉన్నాడు. విస్తీర్ణంలో రెండు పాళ్లూ సమానమే, లెక్కల మనిషి కదా. కొండ పక్క పాలులో ఒక పాత రాతి బావి ఉంది. దాని చుట్టూ ఉన్న ముళ్లకంప అంతా కొట్టించి శుభ్రం చేయించి ఉన్నారు. ఆ పక్క నేల కొంచెం ఎగుడుదిగుడు. రెండో పాలు చిన్న వాగులాంటి వంక పక్కన. అందులో బావి లేదు కానీ నేల చదునుగా, ఎర్రగా, అరచేయిలాగా ఉంది. మా పద్ధతి ప్రకారం చిన్నవాళ్లం మేము. ఏ పాలు కావాలో అందులోకి నడిచిపోయి నిలబడాలి. ఒకసారి నిలబడ్డాక కాలు తీసేది లేదు.

అక్క బావి దగ్గర నిలబడి లోపలికి తొంగి చూస్తోంది. నీళ్లు శానా తేటగా ఉండాయి మే, అంది నాతో.

ఆ ఒక్క మాటతో నా బుర్రలో పురుగు తొలిచింది. బావి ఎవరికి చేదు? నాకూ ఆ బావే కావాలి. గుడ్డివాడికైనా ఆ పాలే మంచిదని తెలుస్తుంది. అంత బాగా తెలిసేట్టు ఎందుకు చేశారు? కంప కొట్టించి, మెరుగు పెట్టి, పైగా తేట నీళ్లని చెప్పి మరీ చూపించడం ఎందుకు? ఎండాకాలంలో ఆ బావి ఎండిపోతుందని వాళ్లకు తెలిసుండాలి. మమ్మల్ని బావి వైపు తోసి, వంక పక్క మెత్తటి నేల తాము ఉంచుకోవాలని చూస్తున్నారు. అదీగాక చిన్నప్పటి రవికలు గుర్తొచ్చాయి. నేను మంచిదని ఎత్తుకున్నది ఏదీ నాకు మంచిది కాలేదు, మిగిలినది ఎప్పుడూ అక్కకు బాగుండేది. అయితే ఈసారి నాకు నచ్చినదాన్ని అక్కకు వదిలేసి, ఆమెకు మిగలాల్సినది నేను ఎత్తుకుంటే?

ఇంత తెలివి నా జన్మలో మళ్లీ ఎప్పుడూ నాకు రాలేదు. రాకపోవడమే మంచిదైంది.

మా ఆయన బావి వైపు ఒక అడుగు వేసి, అలవాటుగా నా వైపు చూశాడు. వంక పక్కకు పో, అని కళ్లతోనే చెప్పాను. ఆయన నమ్మలేక మళ్లీ చూశాడు. నేను కళ్లు పెద్దవి చేశాను. పాపం, పోయి ఎర్రనేలలో నిలబడ్డాడు.

బావ ఏదో చెప్పబోయాడు. అక్క ఆయన చెయ్యి పట్టుకుంది, ఆయన ఆగిపోయాడు. అక్క మొహం వాడింది. నేను అది చూశాను. పుట్టి బుద్ధెరిగిన తర్వాత మొదటిసారి అక్క ఓడిపోయిందనుకుని లోపల్లోపల పండగ చేసుకున్నాను.

ఆ పండగ ఎండాకాలం దాకా కూడా నిలవలేదు. పాళ్లు తేలగానే ఎవరి పాలులో వాళ్లం చిన్న ఇల్లు వేసుకున్నాం. ఆ నెలలోనే అక్కావాళ్లు బావి పూడిక తీయించారు. ఊట ఊరింది. అంచు చుట్టూ రాతి గచ్చు వేయించారు. రాతి స్తంభాలు నిలిపి, ప్రొద్దుటూరు ఇనుప అంగడి నుంచి గిలకలు తెప్పించి బిగించారు. ఒకటి కాదు, రెండు. నేను మా పొలం గట్టు మీద నిలబడి అది చూసి కడుపు రగిలిపోయి ఇంటికి వచ్చాను. ఉండేది ఒక్క సంసారం. నీళ్లు తోడేది ఒక్క మనిషి. ఒక బావికి రెండు గిలకలు ఎందుకు? మాకు బావి లేదని తెలిసి, మా కళ్లముందు రెండు గిలకలు వేలాడదీశారు అనుకున్నాను. మా ఆయనకు చెబితే, వాళ్ల దుడ్లు వాళ్ల ఇష్టం అన్నాడు. ఇట్లాంటప్పుడు కూడా మనిషికి కోపం రాకపోతే ఇంకెప్పుడు వస్తుంది?

అక్క ఒకసారి పిలిచింది. ఈడ తోడుకో మే, వంక దాకా ఎందుకు పోతావు అంది. వంక నీళ్లు తియ్యగా ఉంటాయి, మా పిల్లలకు అవే ఇష్టం అన్నాను. ఆమె తల ఊపింది. మళ్లీ పిలవలేదు. రెండోసారి పిలవలేదన్నది కూడా నేను మనసులో పెట్టుకున్నాను.

రెండిళ్ల వాళ్లమూ చీనీ అంట్లు కోడూరు నుంచి ఒకే బండిలో తెప్పించుకుని నాటాం. బతికితే కొన్నేళ్లకు కాపు వస్తుంది, మా బతుకు నిలబడుతుంది. ఎండితే మా ఆయన మళ్లీ మిల్లుకు, నేను మళ్లీ ఆ సందులో గదికి. ఇక మా అత్త నాలుగు వీధులు తిరిగి చెప్పుకుంటుంది. నాకు ఇంకే భయమూ లేదు, ఆ గది ఒక్కటే భయం. వంకలో ఇసుక తవ్వి చెలమ తీసుకున్నాను. ఆ గుంటలో ఊరే నీళ్లు చిప్పతో కడవలోకి నింపుకుని, నడుము మీద మోసుకొచ్చి ఒక్కో మొక్కకు పోసేదాన్ని. అదే సమయానికి అక్క అవతల పక్క గిలక మీద సులువుగా చేద లాగి కాలువలోకి వంచేది. ఆమె మొక్కలు చిగురు మీద చిగురు వేశాయి. నా మొక్కలు ఉన్న ఆకులు కాపాడుకుంటూ నిలబడ్డాయి.

ఇంతా చేస్తే అక్కకు మొక్కలు ఒక్కటే కాదు. సాయంత్రం పూట కాలేజీ అయ్యవార్ల భార్యలు నడుచుకుంటూ వచ్చి ఆమె బావి గచ్చు మీద కూర్చునేవాళ్లు. ఊర్ల గురించి, వంటల గురించి మాట్లాడుకునేవాళ్లు. కోస్తా వైపు నుంచి వచ్చిన ఒకామె మా అక్క మాట వింటే ముచ్చటగా ఉంటుందనేది. నేను మాట్లాడేదీ ఆ మాటే, నాకెవరూ ఆ ముక్క చెప్పలేదు. కాలేజీ పిల్లలు మజ్జిగ కోసం వచ్చి అమ్మా అని పిలిచేవాళ్లు. నేను కడవ ఎత్తుకుని గట్టు మీద పోతుంటే వాళ్లందరూ నన్ను చూసేవాళ్లు. అక్క పక్కకు తిరిగి మా చెల్లెలు అని చెప్పేది. ఆ మాట వినపడనంత వేగంగా నడిచేదాన్ని.

మా ఆయన, బావ కలిసి మా పాలులో బావి తవ్వడం మొదలుపెట్టారు. మా వైపు ఇట్లా ఒకరి పొలంలో ఒకరు చేసే పనిని ముయ్యి అంటారు, దానికి కూలి ఉండదు. బావ కాలేజీ నుంచి వచ్చి పంచె ఎగ్గట్టి మట్టి ఎత్తేవాడు. అరచేయిలాంటి ఆ ఎర్రనేల కింద ఏముందో అప్పుడు తెలిసింది. పలుచటి మట్టి, దాని కింద ఒకటే బండ. రాళ్లు కొట్టేవాళ్లను పిలిచి చూపిస్తే, మందు పెట్టి పేల్చినా ఈడ ఊట ఉండదప్పా అన్నారు. గుంత అట్లాగే ఉండిపోయింది. వానకు అందులో కప్పలు చేరాయి, ఆ బావిలో నీళ్ల గుర్తు అదొక్కటే.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా ఆయన అని ఉంటే నాలుగు మాటలు తిరిగి అని మనసు తేలిక చేసుకునేదాన్ని. వంక పక్కకు నడిచింది నా కళ్లు చూసేనని ఆయన ఒక్కరోజు కూడా గుర్తు చెయ్యలేదు.

రాజధాని హైదరాబాదుకు మారిన తర్వాత వచ్చిన ఎండాకాలంలో చెలమ ఎండింది. ఎంత లోతుకు తవ్వినా తడి ఇసుక తప్ప చుక్క లేదు. చీనీ ఆకులు దోనెల్లాగా ముడుచుకున్నాయి. మా ఆయన రెండు రోజులు వాటి మధ్య తిరిగి, మూడో రోజు ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ప్రొద్దుటూరు పోయొస్తానన్నాడు. మిల్లులో పాత పని మళ్లీ ఇస్తారేమో అడగడానికని ఆ చొక్కా చూస్తేనే తెలిసింది. పులివెందుల బస్సు అందుకోవడానికి గట్టు దాటిపోతున్న ఆయన వీపు చూస్తుంటే ఆ సందులో గది గోడ వేడి నా అరచేతికి తగిలింది.

మిట్టమధ్యాహ్నం దాకా ఓర్చుకున్నాను. అప్పుడైతే అక్క భోజనం చేసి నడుము వాలుస్తుంది, ఎవరూ చూడరు. కడవ, చేద తీసుకుని దొంగలాగా గట్టు దాటి బావి దగ్గరికి పోయాను. మొదటి గిలక మీద అక్క తాడు తడిగా వేలాడుతోంది. దాన్ని తాకడానికి మనసు రాలేదు. నా తాడు రెండో గిలక మీద వేసి చేద వదిలాను.

ఆ గిలక అరిచిన అరుపు ఇప్పటికీ నా చెవిలో ఉంది. పందిని కోస్తే అట్లా అరుస్తుంది. కొండకు తగిలి మళ్లీ వెనక్కి వచ్చింది. సగం బావిలో చేద వేలాడుతూ ఉంది, లాగితే అరుస్తుంది, వదిలితే అరుస్తుంది. నేను తాడు పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను.

అక్క తలుపు తీసుకుని బయటికి వచ్చింది. నన్ను చూసింది. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. లోపలికి పోయి ఆముదం గిన్నె తీసుకుని వచ్చింది.

నాకు సిగ్గు కోపంగా మారడానికి ఎప్పుడూ ఎక్కువసేపు పట్టదు. రెండు గిలకలు పెట్టుకున్నదానివి నూనె వేసుకోవాలని తెలియదా అని అన్నాను.

"ఏడాది నుంచి దాన్ని ఎవరూ తిప్పలే మే. అరవక ఏం చేస్తాది?" అంది అక్క, ఇరుసు మీద ఆముదం పోస్తూ.

"నీకు పనికి రానిదాన్ని ఎందుకు పెట్టుకున్నట్టు?"

"అది నాది కాదు. నీకని పెట్టించినా."

ఆమె మామూలుగానే అంది. కూరలో ఉప్పు వేసినా అన్నట్టు అంది. నేను పంపకం రోజు నుంచి కడుపులో ఉన్న మాట బయటపెట్టాను. బావి మీకే కావాలని ఉంటే ముందే చెప్పొచ్చు కదా, మమ్మల్ని ఆడించడం ఎందుకు అన్నాను.

అక్క గిన్నె కింద పెట్టింది. "బావి పాలు మీకని పంచినాం. నీ మొగుడు మిల్లు వదులుకొని వస్తాండాడు, మీ బావకు జీతం ఉంది, మాకు బావి లేకున్నా గడుస్తాదనుకున్యాం. మీకు బాగా కనపడాలని కంప కూడా నేనే కొట్టించినా."

"మరి ఆ పాలు ఎత్తుకోమని ఒక్క మాట చెప్పకపోతివే."

"చెప్తే నువ్వు పనిగట్టుకొని పక్కది ఎత్తుకుంటావని చెప్పలే."

తాడు నా చేతిలో జారింది. చేద పోయి నీళ్లలో పడిన చప్పుడు వినపడింది. అంతగా ఎవరి గురించైనా ఎవరికైనా తెలుసా? నా కడుపులో రవిక గుడ్డల నాటి నుంచి మండుతున్నది ఆమె మొదటి నుంచీ చూస్తూనే ఉంది. చూస్తూ, దానికి తగలకుండా చుట్టూ నడుచుకుంటూ వచ్చింది. నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే ఓర్వలేకపోయాను. జడ కాదు, మొగుడు కాదు, బావి కాదు. ఆమె నన్ను ఎరిగినంత నేను ఆమెను ఎరగనందుకు ఓర్వలేకపోయాను. ఆ మంట తర్వాత ఎప్పుడూ చల్లారలేదు, ఇప్పుడు కూడా ఉంది.

అక్క నా చేతిలో తాడు తీసుకోలేదు. తోడు అన్నట్టు పక్కకు జరిగి నిలబడింది. నేను లాగాను. గిలక ఒకసారి మూలిగి, మెత్తగా తిరిగింది.

చీకటి పడే లోపల మొక్కలన్నిటికీ నీళ్లు పోశాను. నా నడుము విరిగింది. రెండు రోజులకు మా ఆయన వచ్చాడు. సంచి దించకుండానే, సోమవారం నుంచి పనిలోకి రమ్మన్నారని చెప్పాడు. చెబుతూ మొక్కల వైపు చూసి ఆగిపోయాడు. పాదుల్లో మట్టి నల్లగా తడిసి ఉంది, ముడుచుకున్న ఆకులు విప్పుకుంటున్నాయి.

"ఈ నీళ్లు యాడివి మే?" అన్నాడు.

"మన గిలకవి" అన్నాను.

ఆయన గట్టు అవతల బావి వైపు చూశాడు, తర్వాత నా మొహం చూశాడు. తొడుక్కున్న చొక్కా విప్పి దండెం మీద వేసి, రెండో కడవ ఎక్కడుందని మాత్రం అడిగాడు.